సంతోష్ ట్రోఫీకి పదకొండు మంది పిల్లలతో: నా అనుభవం

చేవెళ్ల దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో నేను పీఈటీని. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి రెండేళ్లయినా ఒక్క సంగతి మాత్రం వాళ్ల తలకెక్కలేదు. బంతి ఎటు పోతే అందరూ అటే, బెల్లం చుట్టూ ఈగల్లా. "నీ జాగాలో నువ్వుండు" అని గొంతు పోయేదాకా అరిచాను. బోర్డు మీద గీశాను. ఫోన్‌లో మ్యాచ్‌లు చూపించాను. ఫోన్‌లో కెమెరా బంతి వెంటే పోతుంది, పిల్లల కళ్లూ దాని వెంటే పోయాయి. మైదానం మొత్తం ఒకేసారి కనబడితే తప్ప ఈ ఆట అర్థం కాదని అప్పుడే అనిపించింది.

2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండ్ హైదరాబాద్‌లోనే అని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 1941 నుంచి రాష్ట్రాల ఫుట్‌బాల్ జట్లు ఆడుతున్న టోర్నీ ఇది. పన్నెండు జట్లు, రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపు నుంచి నాలుగు జట్లు క్వార్టర్స్‌కు. ఆ మ్యాచ్‌లన్నీ అజీజ్‌నగర్ దక్కన్ అరీనాలో, అంటే మేం మెహిదీపట్నం పోయే దారిలోనే. సెమీస్, ఫైనల్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో.

హెడ్‌మాస్టర్ గారు వెంటనే ఒప్పుకున్నారు, ఒక్కో విద్యార్థికీ తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం తెమ్మన్నారు. పది సంతకాలు రెండు రోజుల్లో వచ్చాయి. పదకొండోది మా గోల్‌కీపర్ పాపది. "మగోళ్ల ఆట చూసుడు ఆడపిల్లకెందుకు సారూ" అన్నాడు వాళ్ల నాన్న. రెండుసార్లు ఇంటికి వెళ్లాను. రెండోసారి వాళ్ల నానమ్మ లోపలి నుంచే "నేను తోలుకపోత, సంతకం పెట్టు" అంది. ఆ మాటతో పని అయిపోయింది.

డిసెంబర్ 15, ఆదివారం. పొద్దున కేరళ, గోవా మ్యాచ్. చీకటితోనే బయల్దేరాం. ఆడపిల్లలకూ నానమ్మకూ ఆధార్ చూపిస్తే జీరో టికెట్, మగపిల్లలకు నేను తీశాను. మర్రిచెట్ల రోడ్డంతా పాటలే. పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు, ఒక్కొక్కరికీ ఒక నోట్‌బుక్. నేను పెట్టిన నియమం ఒక్కటే: ప్రతి ఒక్కరూ ఒక ఆటగాణ్ని ఎంచుకోవాలి, బంతి ఎక్కడున్నా అతన్నే చూడాలి.

మొదటి పావుగంట ఎవరి వల్లా కాలేదు. గోవా ముందే గోల్ కొట్టేసింది, ఇక పిల్లలు ఆగుతారా! తర్వాత మెల్లగా సర్దుకున్నారు. ఏడో తరగతి పిల్లాడొకడు కేరళ వైపు గీత పక్కన ఆడే అతన్ని పట్టుకున్నాడు. కాసేపయ్యాక నా చొక్కా లాగి, "సార్, ఈయన బాల్ దగ్గరికి పోతనే లేడు. ఊకె గీత కాడ నిలబడుతుండు" అన్నాడు. ఇంకా చూడు బిడ్డా అన్నాను. కొద్ది నిమిషాలకు బంతి అటు వైపు నుంచి దాటి నేరుగా అతని కాళ్ల దగ్గరికి వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు. పిల్లాడు లేచి నిలబడ్డాడు. నోట్‌బుక్ కింద పడ్డ సంగతి కూడా వాడికి తెలియలేదు. రెండేళ్లుగా నేను చెప్పలేకపోయింది అతను ఒక్క పరుగులో చెప్పేశాడు.

కేరళ 4-3తో గెలిచింది. గోల్‌కీపర్ పాప నోట్‌బుక్‌లో ఒకే వాక్యం ఉంది: "గోలీ ఆట మొత్తం మాట్లాడుతనే ఉంటడు."

మన తెలంగాణ ఆ తర్వాత గ్రూపు దశలోనే ఆగిపోయింది, పిల్లలకు బాధేసింది. ఆ ఆదివారం వెనక్కొచ్చేటప్పుడు బస్సులో వాళ్లకు పాత సంగతులు చెప్పాను. 1956-57లో, మళ్లీ 1957-58లో ఈ కప్పు మన హైదరాబాద్ జట్టుదే. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాదీ, పైగా బడి పంతులు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త వణికింది.

26న సెలవు, క్వార్టర్స్‌కు మళ్లీ వెళ్లాం. ఒడిశా ముందు గోల్ కొట్టినా బెంగాల్ 3-1తో గెలిచింది. 29న బెంగాల్ సైనిక దళాల జట్టు సర్వీసెస్‌ను 4-2తో, కేరళ మణిపూర్‌ను 5-1తో ఓడించాయి. ఆ సెమీస్‌కు వెళ్లలేకపోయాం. మాట్లాడుకున్న వ్యాన్ రాలేదు, పిల్లలు బడి గేటు దగ్గర గంటన్నర కూర్చున్నారు. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

అందుకే 31 రాత్రి ఫైనల్‌కు ముందే రెండు ఆటోలు మాట్లాడి పెట్టుకున్నా. పెద్ద పిల్లలు నలుగురు, వాళ్ల పెద్దవాళ్లు, నానమ్మ. 2018లో, 2022లో ఈ రెండు జట్ల మధ్యే ఫైనల్. రెండుసార్లూ పెనాల్టీల్లో కేరళే గెలిచింది. ఈసారీ తొంభై నిమిషాలు గోల్ లేదు. కొత్త ఏడాది రాత్రి కదా, ఫ్లైఓవర్లు మూసేస్తారేమో, లేద్దామా అని ఒక తండ్రి అడిగాడు. లేస్తుండగా, తొంభై నిమిషాలకు కలిపిన ఇంజురీ టైమ్‌లో బెంగాల్ ఆటగాడు రోబి హన్స్‌డా గోల్ కొట్టాడు. 1-0. అది టోర్నీలో అతని 12వ గోల్, బెంగాల్‌కు 33వ ట్రోఫీ. పక్కనే కేరళ అభిమానులు తల పట్టుకుని కూర్చుండిపోయారు. నానమ్మ వాళ్లలో ఒక కుర్రాడి భుజం తట్టి "ఏం గాదు కొడుకా" అంది. అతనికి తెలుగు వచ్చో రాదో గానీ, తలూపాడు.

బడి మొదలయ్యాక మొదటి ప్రాక్టీస్. బంతి ఇటు మూల ఉంది, పదిమంది అక్కడే గుంపు. అటు గీత దగ్గర మాత్రం ఆ ఏడో తరగతి పిల్లాడు ఒక్కడే నిలబడి చెయ్యెత్తి ఉన్నాడు. వెనక గోల్ నుంచి పాప అరుస్తోంది: "అటు ఇయ్యుండ్రి, అటు ఖాళీ ఉంది!"