24 రూపాయల ఇన్‌స్టాల్, 2,950 రూపాయల సిప్

మా మ్యూచువల్ ఫండ్ల యాప్‌కు ప్రకటనలు మొదలుపెట్టిన నెల చివర మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "మామయ్యా, ఒక్కో ఇన్‌స్టాల్ 24 రూపాయలకే పడింది. ఫైనాన్స్ యాప్‌కి ఇంత చవకగా రావడం అదృష్టం" అన్నాడు. నేనూ పొంగిపోయాను. ఆ రోజు ఇంటికి మిఠాయి కూడా తీసుకెళ్లాను. ఆ మిఠాయి ఖరీదును కూడా ప్రకటనల పద్దులోనే రాయాలని తర్వాత అనిపించింది.

ఏలూరులో నాది చిన్న ఆఫీసు. ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ దగ్గర పంపిణీదారుల నమోదు సంఖ్య (ఏఆర్ఎన్) తీసుకుని మ్యూచువల్ ఫండ్లు పంపిణీ చేస్తాను. ఇన్నేళ్లూ ఖాతాదారులు ఒకరి మాట మీద ఇంకొకరు వచ్చినవారే. కుర్రవాళ్లు మాత్రం పెద్ద యాప్‌ల వైపు వెళ్లిపోతున్నారు. అందుకని, తయారుగా ఉన్న యాప్‌కు మన పేరు తగిలించి ఇచ్చే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఏడాది చందా కట్టి, మా పేరుతో యాప్ పెట్టించాను. యాప్ ఉంటే సరిపోతుందా, ఎవరైనా చూడాలి కదా. డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు నెలకు 60,000 రూపాయలతో సామాజిక మాధ్యమాల్లో ప్రకటనలు నడుపుదామన్నాడు. దాని మీద 18 శాతం జీఎస్టీ. నా ఆదాయం 20 లక్షల లోపే కనుక నాకు జీఎస్టీ నమోదు లేదు. అంటే ఆ 10,800 తిరిగి వచ్చే సొమ్ము కాదు. మొత్తం 70,800.

ఆ డబ్బుకు 2,500 ఇన్‌స్టాల్‌లు వచ్చాయి. మావాడు చెప్పిన 24 రూపాయలు జీఎస్టీ కలపని లెక్క. యాప్ వెనుక ఉండే లెక్కల పేజీ ఎలా చూడాలో తెలిసిన రోజున నా ఉత్సాహం దిగిపోయింది. ఫోన్ నంబరు ఇచ్చినవారు సగం కూడా లేరు. పాన్ నంబరు దాకా వచ్చినవారు 140 మంది. కేవైసీ పూర్తయినవారు 62. సిప్, అంటే నెలనెలా ఫండ్‌లో కొంత సొమ్ము కట్టడం, మొదలుపెట్టినవారు 24. కాలిక్యులేటర్ మీద 70,800ని 24తో భాగిస్తే 2,950 వచ్చింది. తప్పు నొక్కానేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది.

ఇన్‌స్టాల్‌లలో పెద్ద భాగం చిన్న చిన్న గేమ్‌ల మధ్యలో వచ్చే ప్రకటనల మీద వేలు తగిలి పడినవి. కొన్ని అర్ధరాత్రి రెండింటికి వరసగా వచ్చాయి. అంత రాత్రివేళ సిప్ గురించి ఆలోచించే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. గేమ్‌ల మధ్య మా ప్రకటన రాకుండా ఆపేయమన్నాను. ఇన్‌స్టాల్ ధర పెరుగుతుందని మావాడు హెచ్చరించాడు. పెరగనివ్వు అన్నాను.

కానీ నంబరు ఇచ్చి, పాన్ దగ్గర ఆగిపోయినవారి సంగతి వేరు. వాళ్లు పొరపాటున వచ్చినవారు కాదు. రెండు రోజులు మిగతా పనులు పక్కన పెట్టి, ఆఫీసులో పనిచేసే అమ్మాయీ నేనూ కూర్చుని వాళ్లకు ఫోన్లు చేశాం. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే. చింతలపూడి వైపు నుంచి ఒకాయన మొదట మాట్లాడనే లేదు. పేరు చెప్పి, ఆఫీసు ఏ వీధిలో ఉందో, ఎదురుగా ఏ దుకాణం ఉందో చెప్పాక గొంతు కాస్త మెత్తబడింది. "అప్పు యాప్ అనుకున్నానండీ. పాన్ కార్డు అడిగేసరికి తీసేశాను. మా తోడల్లుడు అలాగే ఇచ్చి నానా అవస్థలూ పడ్డాడు" అన్నాడు. ఆ పూట ఇదే మాట నలుగురి నోట విన్నాం.

తప్పు వాళ్లది కాదు. 2020 చివర హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు, కాల్ సెంటర్ల మీద పోలీసు దాడులు మన పేపర్లలో రోజూ వచ్చాయి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు నిబంధనలు తెచ్చింది. 2023 నుంచి ప్లేస్టోర్‌లోని రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని గూగుల్ కట్టడి చేసింది. నిబంధనలు మారాయి కానీ భయం పోలేదు. ఆ యాప్‌ల పాపం ఇవాళ నా ప్రకటనల ఖర్చులో కలుస్తోంది.

మిగతావారిలో చాలామందికి ఆధార్‌కు జత చేసిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది, ఓటీపీ రాదు. ఇద్దరికి పాన్ కార్డే లేదు. ఒకామె ఫోనులో యాప్ ఎక్కించింది ఎనిమిదేళ్ల మనవడు.

ఆదివారం మా మేనల్లుడు వచ్చినప్పుడు అసలు విషయం అడిగాను: ఈ ప్రకటన ఎవరికి చూపించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? చిట్టీ పాటలో ఎక్కువ పాడినవారికే చిట్టీ దక్కుతుంది. ఇక్కడ పాట ఒక్కటే చాలదన్నాడు. ఫలానా మనిషి మనం కోరిన పని చేసే అవకాశం ఎంత, ప్రకటన ఎంత బాగుంది అనేవి కూడా కలిపి లెక్కవేసి ఆ వేలం తేలుస్తారు. మనం కోరిన పని ఏమిటి? ఇన్‌స్టాల్. కాబట్టి ఆ యంత్రం, కనిపించిన ప్రతి యాప్‌నూ ఇన్‌స్టాల్ చేసే అలవాటున్న మనుషులను వెతికి తెచ్చింది. అడిగిందే ఇచ్చింది.

అయితే సిప్ మొదలుపెట్టేవారినే తెమ్మని అడుగుదాం అన్నాను. కుదరదన్నాడు. యంత్రం నేర్చుకోవాలంటే మనం కోరిన పని వారానికి సుమారు 50 సార్లయినా జరగాలట. మాకు నెలకే 24 సిప్‌లు. అందుకని మధ్యేమార్గంగా, సిప్‌ల కంటే ఎక్కువసార్లు జరిగే 'పాన్ నంబరు నింపడం' అనే మెట్టును ఎంచుకున్నాం. ఆ మెట్టు దాటిన సంగతి ప్రకటనల వేదికకు చేరేలా యాప్‌లో చిన్న మార్పు చేయాలి. సాఫ్ట్‌వేర్ సంస్థ దానికి మూడు వారాలు తిప్పింది. చివరకు నేను చందా ఆపేస్తానన్న సాయంత్రమే పని అయిపోయింది.

తర్వాతి నెల అదే 70,800కు వచ్చిన ఇన్‌స్టాల్‌లు 700. జీఎస్టీ కలపకుండా ఒక్కొక్కటి 86 రూపాయలు. పాత కళ్లతో చూస్తే ఘోరం. కానీ 265 మంది పాన్ నింపారు, 120 మందికి కేవైసీ పూర్తయింది, 52 సిప్‌లు మొదలయ్యాయి. ఒక్కో సిప్‌కు 1,360 రూపాయలు. సగానికి దిగింది.

వీడియో కూడా మార్చాం. మొదటిది గ్రాఫులు, నవ్వే మోడళ్లు. రెండోదానిలో నేనే మా ఆఫీసు బోర్డు ముందు నిలబడి మాట్లాడాను. 'ఇది అప్పు ఇచ్చే యాప్ కాదు' అన్నది మొదటి వాక్యం. మార్కెట్ ఒడుదొడుకుల హెచ్చరిక చదివి వినిపించడానికి అయిదు సెకన్లు పోతే, 20 సెకన్ల వీడియోలో మన మాటలకు మిగిలేది 15. దాన్ని ఆ వేదిక రెండుసార్లు తిరస్కరించింది, కారణం ఒక ముక్కలో కూడా చెప్పలేదు. మూడోసారి అదే వీడియోను అక్షరం మార్చకుండా పంపితే ఆమోదించింది. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సిప్ మొదలుపెడితే వంద రూపాయలు వెనక్కి ఇస్తామని ప్రకటిస్తే జనం ఎగబడతారని ఒక ఏజెన్సీ ఆయన సలహా ఇచ్చాడు. ఫండ్ పంపిణీదారులు కమీషన్‌లో వాటా, కానుక ఎర చూపకూడదని ఆంఫీ నియమావళిలో ఉంది. ఏఆర్ఎన్ పోగొట్టుకునే సలహాకు ఆయన ఫీజు కూడా అడిగాడు.

ఇక నేను ముందే వేయవలసిన లెక్క. 2018 అక్టోబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ముందస్తు కమీషన్లు ఆపేసింది. అప్పటి నుంచి మాకు ప్రధానంగా వచ్చేది ఖాతాలో ఉన్న సొమ్ము మీద ఏటా వచ్చే ట్రెయిల్ కమీషన్. నాకు సగటున నూటికి 80 పైసలు అనుకోండి. నెలకు 2,000 కట్టే మనిషి ఖాతాలో మొదటి ఏడాది సగటు నిల్వ 13,000. దాని మీద నాకు 104 రూపాయలు. రెండో ఏడాది 296. మూడో ఏడాది 488. పెట్టుబడి విలువ పెరుగుదలను పక్కన పెడితే, 1,360 రూపాయలు నాలుగో ఏడాదిలో గానీ తిరిగి రావు. మొదటి నెల 2,950 అయితే ఆరో ఏడాదికి. అదీ ఆ మనిషి మధ్యలో ఆపకుండా ఉంటే.

ఆపకుండా ఉంటారా? మొదటి 24 మందిలో తొమ్మిది మంది నాలుగు నెలల్లోనే ఆగిపోయారు. ఖాతాలో డబ్బు లేక వరసగా మూడు వాయిదాలు తప్పితే సిప్ దానంతటదే రద్దవుతుంది. మిగిలిన 15 మందికి పంచితే తలా 4,720. ఖర్చు తడిసి మోపెడైందని మా ఆవిడ అప్పుడే పసిగట్టింది. నేను ఒప్పుకోవడానికి దీపావళి వచ్చింది. పండగ అమ్మకాల వాళ్లంతా అదే వేలంలో దిగేసరికి ధరలు మళ్లీ ఎగిశాయి. అక్టోబరులో ప్రకటనలు పూర్తిగా ఆపేశాను.

ఇప్పుడు నెలకు 15,000 మాత్రమే పెడుతున్నాను. అదీ ఏలూరు చుట్టుపక్కల మండలాల వరకే. ప్రకటన నొక్కితే యాప్ రాదు, మా ఆఫీసు వాట్సాప్ తెరుచుకుంటుంది. అమ్మాయి మాట్లాడి, ఆధార్‌కు ఫోన్ నంబరు జత అయి ఉందని తెలుసుకున్నాకే యాప్ లింకు పంపుతుంది. నెలకు 14, 15 సిప్‌లు వస్తున్నాయి. అమ్మాయి జీతంలో ఈ పనికి పోయే భాగం కూడా కలిపితే ఒక్కోదానికి 1,500 దాటుతుంది. అంకె రెండో నెల కంటే మెరుగేమీ కాదు. కానీ ఆగిపోతున్నవారు తక్కువ.

మొన్న దెందులూరు నుంచి ఒకామె కవరులో పాన్ కార్డు పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "ఫోనులో మీరు మాట్లాడారు కదండీ, ఈ బోర్డు ముందే" అంది. ఆ వీడియో ఆపేసి ఏడు నెలలవుతోంది. ప్రకటన నొక్కిన వారం రోజుల్లో జరిగినదే మా లెక్కల పేజీలో ప్రకటన ఖాతాలో పడుతుంది. నెలకు 3,000 చొప్పున సిప్ మొదలుపెట్టి వెళ్లింది. 'ఎలా తెలిసింది' అన్న గడిలో ఏం రాయాలని అమ్మాయి అడిగితే, వీడియో అనే రాయమన్నాను.