కేసు కాలమ్‌లో 'లేదు' అని రాసే ముందు

ఉద్యోగం వచ్చిన పిల్లల మీద పోలీసు ఎంక్వైరీ అంటే మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ టెన్షనే. పోలీసు స్పెషల్ బ్రాంచిలో చాలా ఏళ్ళు ఆ ఎంక్వైరీలే చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, మా కాలనీలో ఎవరింట్లో సెలెక్షన్ లెటర్ వచ్చినా ఎంక్వైరీ కోసం తమ వివరాలు రాసివ్వాల్సిన అటెస్టేషన్ ఫారం పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. "సార్, వీడి మీద అప్పుడెప్పుడో ఒక చిన్న కేసు ఉండె, కొట్టేసినారు కూడా, ఇప్పుడు దాన్ని రాయాల్నా?"

రాయాలి. కొట్టేసినా రాయాలి, రాజీ అయినా రాయాలి. మనవాళ్ళు కేసుకు భయపడతారు గానీ, నేను చూసినంతలో పిల్లల ఉద్యోగాలు ఎక్కువగా పోయింది కేసు వల్ల కాదు, ఆ కాలమ్‌లో 'లేదు' అని రాయడం వల్ల.

ఆ ఫారం పైనే పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది, తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హులవుతారని. దాన్ని ఎవరూ చదవరు. ఎన్నడైనా అరెస్టయ్యారా, మీ మీద ప్రాసిక్యూషన్ నడిచిందా, బైండోవర్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఏ యూనివర్సిటీ అయినా పరీక్షల నుంచి డిబార్ చేసిందా, ఇప్పుడేమైనా పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతారు. ఒక్కో దానికీ విడిగా జవాబు చెప్పాలి. చాలామంది ఏం చేస్తారంటే, 'నా మీద ఇప్పుడు ఏ కేసూ లేదు కదా' అనుకుని పైనుంచి కిందిదాకా లేదు, లేదు, లేదు అని రాసుకుంటూ పోతారు, అది కూడా ఇంటర్నెట్ సెంటర్‌లో పక్కన నిలబడ్డ ఎవరో చెప్పినట్టు.

బైండోవర్ సంగతే తీసుకోండి. ఎలక్షన్లు వస్తున్నాయంటే ఊళ్ళో రెండు పార్టీల వాళ్ళనూ పిలిచి గొడవలు చేయమని తహసీల్దార్ ముందు బాండు రాయిస్తారు, అదే బైండోవర్. కనుమ నాడు రంగంపేట పశువుల పండక్కి పోయి తోపులాటలో ఎవరితోనో చెయ్యి చేసుకున్న కుర్రాడిని కూడా ఒక్కోసారి అలాగే చేస్తారు. సంతకం పెట్టి ఇంటికొచ్చేస్తాడు, దాన్ని కేసనే అనుకోడు. ఫారం దాని గురించి ప్రత్యేకంగా అడుగుతుంది, స్టేషన్‌లోనూ తహసీల్దార్ ఆఫీసులోనూ దానికి కాగితం ఉంటుంది.

జరిమానా ఇంకా మోసం చేస్తుంది. మామిడితోపులో పేకాట ఆడుతూ దొరికినవాడు, తాగి బండి నడిపి పట్టుబడినవాడు కోర్టుకు పోయి 'ఒప్పుకుంటే ఫైనుతో అయిపోతుంది' అని ఎవరో చెబితే ఒప్పుకుని, డబ్బులు కట్టి, మధ్యాహ్నానికల్లా ఇంటికొస్తాడు. వాడి లెక్కలో అక్కడితో అయిపోయింది. చట్టం లెక్కలో నేరం ఒప్పుకున్నాడు, కోర్టు దోషి అని తేల్చి జరిమానా వేసింది. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డ కేసు దీనికి తిరగబడి ఉంటుంది: చట్టప్రకారం రాజీకి వీలున్న కేసులో రాజీ జరిగితే అది నిర్దోషిగా విడుదలైనట్టే, అయినా ప్రాసిక్యూషన్ నడిచిందా అన్న ప్రశ్నకు మాత్రం అవుననే రాయాలి, కింద 'ఫలానా తేదీన రాజీతో ముగిసింది' అని జతచేయాలి. మైనరుగా ఉన్నప్పటి విషయం వేరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ అలాంటిదాన్ని అనర్హతగా చూడకూడదంటుంది. పదహారు నిండాక చేసిన ఘోర నేరాల్లో పెద్దవాళ్ళతో సమానంగా విచారించినవాళ్ళకు ఈ రక్షణ లేదు.

సుప్రీంకోర్టు 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచితో, ఫారంలో కేసు దాచితే ఏం చేయాలన్నదాన్ని వివరంగా తేల్చింది. అంతకుముందు ఒక్కో బెంచి ఒక్కో రకంగా చెప్పేది. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసు లాంటి చిన్నదాన్ని దాచినా అధికారి క్షమించవచ్చు, తీవ్రమైనదాన్ని దాచితే ఉద్యోగం తీసేయవచ్చు, ఫారం అడగనిదాన్ని చెప్పలేదని ఎవరినీ తప్పుపట్టకూడదు అని అందులో ఉంది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కేసు ఎలాంటిదో చూసి నిర్ణయించే హక్కు శాఖకు ఉంటుంది అని కూడా ఉంది. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. రాస్తే నూటికి నూరుపాళ్ళూ గట్టెక్కుతారని నేను ఎవరికీ మాటివ్వను. కానీ రాసినవాడు 'నేను చెప్పాను, మీరే చూడండి' అని నిలబడి వాదించుకోగలడు. దాచినవాడు ముందు ఆ దాచడానికే జవాబు చెప్పుకోవాలి, కేసు ఎంత చిన్నదో చెప్పే అవకాశం తర్వాత ఎప్పటికో గానీ రాదు.

ఎంక్వైరీ ఎలా జరుగుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే 'వాళ్ళకెలా తెలుస్తుంది సార్' అనేవాళ్ళు చాలామంది. ఫారం జిల్లా పోలీసు ఆఫీసుకు వస్తుంది, అక్కడినుంచి స్పెషల్ బ్రాంచికి, ఆ ఏరియా చూసే మనిషికి. స్టేషన్ రికార్డులు చూస్తారు, కంప్యూటర్‌లో పేరు కొట్టి చూస్తారు, రౌడీషీట్ ఉందేమో చూస్తారు, ఆ తర్వాత ఊరికి పోయి ఇరుగుపొరుగును అడుగుతారు. శేషాచలం అడవి అంచు ఊళ్ళయితే ఎర్రచందనం కేసుల జాబితా తప్పకుండా చూస్తారు. గత అయిదేళ్ళలో ఏడాదికి మించి ఎక్కడున్నా ఆ చోటు కూడా ఫారంలో రాయాలి, అంటే చెన్నైలోనో బెంగళూరులోనో హాస్టల్‌లో ఉండి చదివితే అక్కడి పోలీసులకు కూడా వెళుతుంది. ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇంకోటి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు పిల్లలు పాత అలవాటున నెల్లూరు జిల్లా అని రాస్తే ఫారం అక్కడికి పోయి, అక్కడ వాళ్ళు మాది కాదని తిప్పి పంపి, అటూ ఇటూ తిరుగుతుంది.

ఇంతా ఎందుకు అంటే, కొన్ని ఉద్యోగాలకు అవసరం. శ్రీహరికోటలో 1971 నుంచి రాకెట్లు లేస్తున్నాయి, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్లు ఎంతమంది ఉన్నా లోపల పనిచేసేవాడే నమ్మదగినవాడు కాకపోతే ఏ కాపలా సరిపోదు. పాత కేసుకంటే అబద్ధం మీద పట్టింపు ఎక్కువ ఉండేది కూడా అందుకే. దాచిపెట్టుకున్న విషయం ఉన్నవాడిని ఎవడైనా దాన్ని పట్టుకుని బెదిరించగలడు.

అయితే ఎంక్వైరీ చేసేవాడి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఊరికి పోకుండా టేబుల్ దగ్గర కూర్చుని రిపోర్టు రాసేవాళ్ళున్నారు. ఫోన్‌లో ఎవరినో అడిగి 'విచారించగా మంచి నడవడిక' అని రాస్తారు, లేదా ఇంకా ఘోరంగా, ఎరుకల కాలనీ అడ్రసు చూడగానే కలం బిగుసుకుంటుంది. ఒక కులంలో పుట్టినవాళ్ళందరినీ నేరస్తులని జాబితాలో ఎక్కించిన బ్రిటిష్ వాళ్ళ చట్టం 1952లో రద్దయింది. ఇరుగుపొరుగు నోట్లోంచి మాత్రం ఇంకా పోలేదు. "వాళ్ళంతా అంతే సార్" అంటారు. ఆ మాట రిపోర్టులో ఎక్కకూడదు. పిల్లవాడు ఏం చేశాడో, ఎప్పుడు చేశాడో, ఏ రికార్డులో ఉందో అంతవరకే. మేనమామ మీద కేసుంటే అది మేనమామది.

పార్టీల సంగతీ అంతే. మధ్యప్రదేశ్‌లో ఒక టీచర్‌ను, ఆయన ఒకప్పటి రాజకీయ సంబంధాల మీద పోలీసు రిపోర్టు చూసి ఉద్యోగం లోంచి తీసేస్తే, 1983లో సుప్రీంకోర్టులో మన రాయలసీమ మనిషి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు దాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఇది పోలీసు రాజ్యం కాదన్నారు. ఎంక్వైరీలకు కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు నేను ఆ తీర్పు చదవమని చెప్పేవాణ్ణి.

డబ్బుల గురించి కూడా అడుగుతారు. ఈ ఎంక్వైరీకి మీరు చేతికి ఇవ్వాల్సిందంటూ రూపాయి కూడా లేదు. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళివ్వండి, కాగితాలు చూపించండి, అంతే. అడిగితే జిల్లా ఎస్పీ ఆఫీసులో చెప్పండి, లంచాల మీద ఫిర్యాదులు తీసుకునే ఏసీబీకి 1064 నంబరు ఉంది.

ఇక కేసు ఉన్నవాళ్ళు సెలెక్షన్ లెటర్ వచ్చేదాకా ఆగొద్దు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో మీ పేరుతో వెతికితే కేసు నంబరు దొరకొచ్చు, దాంతో ఏ కోర్టులో నడిచిందో ఆ కోర్టులో తీర్పు నకలు కోసం అర్జీ పెట్టండి. సీలు ఉన్న నకలే కావాలి, లాయరు దగ్గరున్న జిరాక్సు పనికిరాదు. పాత కేసుల కట్టలను కోర్టుల్లో గడువు దాటాక తీసేస్తారు, ఆ తర్వాత మీరు నిర్దోషి అని చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఈ వారమే పోయి పెట్టండి.