సబ్‌టైటిల్స్ చదవని అవ్వ

మా పాపకు పదమూడేళ్లు. పుట్టి పెరిగిందంతా డాలస్‌లోనే. మనది తాడిపత్రి అని చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉన్నా, దాని బుర్రలో ఉన్న సీమ వేరు. అక్కడ సుమోలు గాల్లోకి లేస్తాయి, వేటకొడవళ్లు మెరుస్తాయి, తొడలు చరుస్తారు. తొమ్మిదేళ్లప్పుడు ఊరికి తీసుకొస్తే రెండు రోజులు చూసి, "నాన్నా, ఇక్కడెవరూ ఫైట్ చేయరేంటి?" అని అడిగింది. తప్పు దానిది కాదు. మా ఇంట్లో శనివారం రాత్రి ఆడే సినిమాలు అవే, పెట్టేది నేనే. నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయి కదా అని.

పడేవి కానీ, దాంతో ఇంకో తంటా. జోకు పేలగానే నేను నవ్వేస్తాను. అది కింద ఇంగ్లీషు అక్షరాలు చదివి, నవ్వాలో వద్దో తెలియక నా మొహం చూస్తుంది. నేను సినిమా ఆపి వివరిస్తాను. వివరించాక ఏ జోకు మిగులుతుంది?

పోయిన చలికాలంలో, వేరే ఏదో వెతుకుతుంటే విలేజ్ రాక్‌స్టార్స్ (2017) అనే అస్సామీ సినిమా కనపడింది. రీమా దాస్ తన సొంత ఊర్లో, ఆ ఊరి పిల్లలతోనే తీసింది. కెమెరా, ఎడిటింగ్ కూడా ఆవిడే. గిటార్ కొనుక్కోవాలని ఆశపడే ఒక పిల్ల, వరద ముంచిన పొలాలు. అస్సామీ నాకూ ఒక్క ముక్క రాదు. ఇద్దరం కింది అక్షరాలే చదువుకుంటూ కూర్చున్నాం, ఒకేసారి నవ్వాం. ఒకచోట మా పాపే నాకు ఆపి చెప్పింది, నేను మెల్లగా చదువుతున్నానని.

అక్కడి నుంచి పట్టుకున్నాం. మండ్య దగ్గరి పల్లెలో, నటులు కాని ఊరివాళ్లతో తీసిన కన్నడ సినిమా తిథి ఇద్దరికీ నచ్చింది. ఒక ఊరి కథ (1977) మాత్రం దానికి పట్టలేదు. ప్రేమ్‌చంద్ కథ, బెంగాలీ మృణాల్ సేన్ దర్శకత్వం, మాటలు తెలుగు అని నేను ఊరించి పెడితే ఇరవై నిమిషాలకే ఫోన్ తీసింది. మాకు దొరికిన ప్రింటు కూడా మసకగా ఉందిలెండి.

ఈ వేసవిలో ఊరికొచ్చాం. మధ్యాహ్నం గడప దాటలేని ఎండ. లాప్‌టాప్‌లో కూళాంగల్ పెట్టాను. తమిళంలో గులకరాయి అని అర్థం. పి.ఎస్. వినోద్‌రాజ్ మొదటి సినిమా, 2021లో రోటర్‌డామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టైగర్ అవార్డు తెచ్చుకుంది. తాగుబోతు తండ్రి బడిలో ఉన్న కొడుకును లాక్కుని, అలిగి పుట్టింటికి పోయిన భార్య కోసం వెళతాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు డబ్బుల్లేక మండుటెండలో నడుస్తారు. కథంతా అంతే, గంటుంపావు.

మంచమ్మీద పడుకున్న మా అమ్మ కాసేపటికి లేచి కూర్చుంది. ఆమెకు తమిళం రాదు, ఇంగ్లీషు చదవలేదు.

"ఇది మన పక్కే కదరా?"

"కాదమ్మా, మదురై దగ్గర."

"ఆ పక్క కూడా ఇట్లే ఉంటాదా!"

మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి పుట్టింది మా తాడిపత్రిలోనే. ఆ గొప్ప నేను డాలస్‌లో అందరికీ చెప్పుకుంటాను. కానీ అందులో మా ఎండ లేదు. ఎర్రమట్టి, కంపచెట్లు, కాళ్లు కాలే బాట, నాకు ఈ తమిళ సినిమాలో కనపడ్డాయి.

పిల్లాడు దారిలో ఒక గులకరాయి తీసి నోట్లో వేసుకున్నాడు. మాటల్లేవు కాబట్టి కింద అక్షరాలూ లేవు. "వై?" అంది పాప. నేనూ నోరు తెరిచి ఊరుకున్నాను.

"దప్పిక తెలీకుండా మే," అంది అమ్మ. "నోట్లో రాయుంటే ఎంగిలి ఊరుతాంటాది. గొర్లెంట పోయినప్పుడు మేమూ పెట్టుకుంటాంటిమి."

పాప సినిమా వదిలేసి అవ్వ మొహం చూసింది. చివర్లో ఆడవాళ్లు గుంత చుట్టూ కూర్చుని, ఊరే నీళ్లను కొంచెం కొంచెంగా బిందెల్లోకి తోడుకుంటారు. అది ఎంతకీ అయిపోదు. నాకు కాస్త సాగదీసినట్టే అనిపించింది. అమ్మకు అనిపించలేదు.

"అది చెలమ. గబగబా తోడితే బురద వస్తాది. నీళ్లు తేరేదాకా కాచుకోవల్ల. ఒక్క కడవకు పొద్దు పోయేది."

"చెలమ," అంది పాప. నేను నేర్పని తెలుగు మాట అది. "అవ్వా, పెన్నలో ఉన్నాయా ఇప్పుడు?"

"యాడుండాయి? ఇసుక ఉంటే కదా."

పాప ఇంకా ఏదో అడగబోయేలోపు కరెంటు పోయింది, లాప్‌టాప్ ఛార్జింగు అప్పటికే అడుగంటింది. విసనకర్ర అందుకుంటూ అమ్మ నాతో అంది: "రేపు కూడా ఇట్లే మాటలు తక్కువుండేదే పెట్టు నాయనా. మాటలెక్కువుంటే ఈ పాప సదువుకుంటా కూర్చుంటాది."