మా ఓమ్ని వెనక యాక్సిల్ ఇంటి దగ్గరే మార్చిన వైనం

మా మారుతి ఓమ్ని వ్యాన్ 2008 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 15 ఏళ్ళు నిండాక 5,000 రూపాయల ఫీజు కట్టి, ఫిట్‌నెస్ చూపించి, ఇంకో ఐదేళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. మారుతి ఈ బండి తయారీని 2019లోనే ఆపేసింది. ఇంకా దీన్నెందుకు పట్టుకుని వేలాడతావని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. మా అమ్మకు మోకాళ్ళు సరిగ్గా వంగవు. పక్కకు జరిపే తలుపు, చదునైన నేల ఉండటం వల్ల ఈ బండిలోకి ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతుంది, దిగుతుంది. అలాంటి బండి మా స్తోమతలో ఇంకోటి దొరకదు. అందుకే వెనక నుంచి శబ్దం మొదలైనప్పుడు అమ్మేద్దామన్న మాటే రాలేదు. బాగు చేయడం ఎలా అన్నదే ఆలోచించాను.

తెనాలి నుంచి విజయవాడ వెళ్ళే దారిలో స్పీడు 40 దాటగానే వెనక కుడివైపు గుయ్‌మని మోత. స్పీడుతో పాటే పెరిగేది. ఇలాంటి మోతకు కారణాలు మూడు నాలుగు ఉంటాయి, ముందు వాటిని విడదీయాలి. టైర్ల మోత అయితే రోడ్డు మారినప్పుడు మారుతుంది. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఒకలా ఉంటుంది. మాది రెండింటి మీదా ఒకేలా ఉంది. క్రౌన్ పీనియన్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల జత) అరిగితే యాక్సిలరేటర్ వదిలినప్పుడు, తొక్కినప్పుడు తేడా తెలుస్తుంది. అదీ లేదు. బండిని ఎడమకు తిప్పితే మాత్రం మోత పెరిగింది, కుడికి తిప్పితే తగ్గింది. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం కుడి బేరింగ్ మీదకే పోయింది. జాకీ వేసి లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట, అంటే వదులు, స్పష్టంగా తెలిసింది. ఇంకో చెయ్యి కమాన్ పట్టీ మీద పెట్టి చక్రం తిప్పితే ఆ గరగర చేతికి తగిలింది. బ్రేక్ డ్రమ్ము లోపలి అంచు నుంచి గేర్ ఆయిల్ కూడా కారుతోంది.

ఇలాంటి మోతను 'నడుస్తోంది కదా' అని వదిలేయకూడదు. ఎందుకో వివరంగా చెప్పాలి. లారీ రోడ్డు పక్కన ఆగిపోయినప్పుడు చక్రాలు అలాగే ఉంచి మధ్యలోంచి యాక్సిల్ రాడ్ లాగేయడం మీరు చూసే ఉంటారు. అక్కడ బరువంతా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మోస్తుంది, రాడ్ పని తిప్పడం వరకే. దాన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. ఓమ్నిలో ఉన్నది సెమీ ఫ్లోటింగ్. చక్రాన్ని తిప్పేదీ ఆ యాక్సిల్ షాఫ్టే, బండి బరువు మోసేదీ ఆ షాఫ్టే. చివర్న ఉన్న ఒక్క బేరింగ్, దాని వెనక బిగుతుగా దిగిన ఒక ఇనప రింగు కలిసి షాఫ్టును హౌసింగ్‌లో (దాని చుట్టూ ఉండే ఇనప గొట్టంలో) నిలబెడతాయి. ఆ బిగుతు పోతే చక్రం, డ్రమ్ము, షాఫ్టు అన్నీ కలిసి బయటికి జరిగిపోతాయి, అదీ బండి పరుగులో ఉన్నప్పుడు. అమ్మ కూర్చునే బండి. ఆ రోజు నుంచి పని అయ్యేవరకు దాన్ని రోడ్డెక్కించలేదు.

మా బాబాయి పాతికేళ్ళు లారీ మెకానిక్‌గా చేసి మానేశాడు. ఫోన్ చేస్తే, "నువ్వే విప్పు, తొందర పడకు, ప్రెస్ పని మాత్రం ఇంట్లో పెట్టుకోకు" అన్నాడు. పనిని ఆ మాట ప్రకారమే రెండు ముక్కలు చేసుకున్నాను: విప్పడం, బిగించడం ఇంట్లో. బేరింగ్ తీయడం, ప్రెస్ యంత్రంతో ఒత్తి ఎక్కించడం లేత్ షాపులో.

మా పోర్టికోలో సిమెంటు నేల గట్టిగా, సమంగా ఉంది. ఓమ్నిలో ఇంజను తిప్పేది వెనక చక్రాలనే, హ్యాండ్ బ్రేక్ పట్టేదీ వెనక చక్రాలనే. అంటే వెనక భాగం లేపేశాక గేరులో ఉంచినా, హ్యాండ్ బ్రేక్ లాగినా బండిని నేలకు పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి బిగదన్నాల్సిందే. జాకీతో లేపి హౌసింగ్ కింద జాక్ స్టాండ్లు పెట్టాను. ఇటుకలు, సిమెంటు బ్లాకులు పెట్టి కిందకి దూరే వాళ్ళను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు కొనే స్తోమత లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి.

గేర్ ఆయిల్ దించేముందు, నింపే పై ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. కింద ప్లగ్ తీసేశాక పైది రాకపోతే మళ్ళీ ఆయిల్ పోసే దారుండదు. పాత ఆయిల్ నల్లగా, గంధకం వాసనతో దిగింది. ప్లగ్‌కున్న అయస్కాంతం మీద సన్నటి ముద్దలా ఇనప పొడి ఉంది కానీ పలుకులు లేవు. అంటే లోపల పళ్ళు బాగానే ఉన్నాయి. దాంతో సగం టెన్షన్ తగ్గింది.

డ్రమ్ము ఊరికే రాదు. దాని మీద రెండు మరల రంధ్రాలు ఉంటాయి. వాటిలోకి 8 మి.మీ. బోల్టులు ఎక్కించి ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తే డ్రమ్ము తనంతట తనే బయటికి వస్తుంది. సుత్తితో అంచు మీద కొడితే పగులుతుంది. లోపలి దుమ్మును నోటితో ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాను. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు.

బ్రేక్ షూలు గేర్ ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. వాటిని పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. లైనింగ్ పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్ళీ పైకి తేలుతుంది, ఆ చక్రం బ్రేక్ సరిగ్గా పట్టదు, బండి ఒక పక్కకు లాగుతుంది. రెండు వైపులా కొత్త షూలు వేయాలనుకున్నాను. తర్వాత హ్యాండ్ బ్రేక్ కేబుల్ విడదీసి, వీల్ సిలిండర్ వెనక బ్రేక్ పైపు విప్పి, దాని నోటికి రబ్బరు మూత పెట్టాను. బ్యాక్ ప్లేట్ (షూలు బిగించి ఉండే పళ్ళెం) వెనకున్న నాలుగు నట్లు తీస్తే షాఫ్టు, బ్యాక్ ప్లేట్ కలిసే వస్తాయి.

రావాలి, కానీ రాలేదు. ఇన్నేళ్ళ తుప్పు. బాబాయి ఒక ఉపాయం చెప్పాడు. డ్రమ్మును తిరగేసి స్టడ్లకు తగిలించి, వీల్ నట్లు చివరి మరల్లో వదులుగా పెట్టి, రెండు చేతులతో డ్రమ్మును పట్టుకుని ఒక్కసారిగా బయటికి లాగమన్నాడు. డ్రమ్ము బరువే సుత్తిలా వచ్చి నట్లను కొడుతుంది. అలా కాసేపు లాగాక షాఫ్టు కదిలింది. ఆ తర్వాత నెమ్మదిగా, స్ప్లైన్లు (షాఫ్టు లోపలి చివరున్న పళ్ళు) దేనికీ తగలకుండా, నేలకు సమాంతరంగా బయటికి తీశాను.

అసలు సంగతి లేత్ షాపులో బయటపడింది. పాత రింగును గ్రైండర్‌తో రెండు వైపులా షాఫ్టుకు తగలనంత వరకు పలచగా కోసి, ఉలితో ఒక దెబ్బ కొడితే విచ్చుకుంది. బేరింగ్ కింద షాఫ్టు చుట్టూ వరసగా పంచ్ గుంటలు! మాకంటే ముందు ఎప్పుడో ఎవరో బేరింగ్ లూజైతే కొత్త షాఫ్టు వేయకుండా, పంచ్ కొట్టి లోహాన్ని పైకి లేపి అదే బేరింగును ఎక్కించారు. ఇలా చేస్తే బేరింగ్ ఆ గుంటల అంచుల మీద మాత్రమే ఆనుతుంది. కొన్నాళ్ళకు ఆ అంచులు అణిగిపోతాయి, బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీదే తిరగడం మొదలుపెడుతుంది, షాఫ్టును అరగదీస్తుంది. ఆయిల్ సీలు (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగు) పెదవి ఆనే చోట కూడా గోరు తగిలేంత గాడి పడింది. అలాంటి షాఫ్టుకు కొత్త సీలు వేసినా ఆయిల్ ఆగదు. ఏదో వర్క్‌షాపుకు ఇచ్చి బేరింగ్ ఒక్కటే మార్పించి ఉంటే మళ్ళీ అదే గతి పట్టేది. చవకగా అయిపోయిందని సంతోషపడే ఇలాంటి పనుల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. డబ్బు మిగిలేది ఒకరికి, ప్రాణం మీదకొచ్చేది ఇంకొకరికి.

షాఫ్టు కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. పాతదాన్ని వెంట తీసుకెళ్ళాను. కొత్తదాన్ని పక్కన పెట్టి పొడవు కొలిచి, స్ప్లైన్లు లెక్కపెట్టి, బేరింగ్ కూర్చునే చోట మందం కాలిపర్‌తో చూసుకున్నాకే డబ్బులిచ్చాను. 'కుడిదే అండీ' అన్న మాట మీద ఆధారపడలేదు. బేరింగ్, రింగు, సీలు, షూలు, 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ కూడా అక్కడే తీసుకున్నాను. రింగు పాతది మళ్ళీ వాడేదే కాదు, కొత్తదే వేయాలి.

ప్రెస్ దగ్గర వరుస ముఖ్యం. ముందు బ్యాక్ ప్లేట్, తర్వాత బేరింగ్, ఆ తర్వాత రింగు. బేరింగును ఒత్తేటప్పుడు బలం లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద ఒత్తితే బాల్స్ ద్వారా బలం పోయి గాడిలో కంటికి కనపడని గుంటలు పడతాయి, కొత్త బేరింగే మోత మొదలుపెడుతుంది. లేత్ ఆయన సరిపడే గొట్టం వెతికి పెట్టి ఒత్తాడు. రింగు దిగాక, "వెల్డింగ్ టాకా ఏమన్నా వేయించమన్నారా తమ్ముడూ?" అని అడిగాడు. వద్దన్నాను. "అదే మంచిది. ఇంత బిగుతుగా దిగాక వెల్డింగ్ పెడితే షాఫ్టుకున్న టెంపర్ పోతుంది" అన్నాడు. పని తెలిసిన మనిషి.

ఇంటికొచ్చి పాత సీలు తీసి, హౌసింగ్ మూతి శుభ్రం చేసి, కొత్త సీలును స్ప్రింగు ఉన్న వైపు లోపలికి పెట్టి, సమంగా దిగేలా చుట్టూ కొంచెం కొంచెం తట్టాను. పెదవికి గ్రీజు రాశాను. షాఫ్టును లోపలికి తోసేటప్పుడు స్ప్లైన్లు ఆ పెదవి మీద ఈడ్చుకుపోకుండా బరువంతా చేతుల మీదే మోయాలి. కొత్త సీళ్ళు ఇక్కడే పాడవుతాయి. లోపల స్ప్లైన్లు పట్టేవరకు చక్రం వైపు ఫ్లాంజిని అటూ ఇటూ తిప్పితే సూదిలో దారం దూరినట్టు ఒక్కసారి దిగిపోతుంది. బ్యాక్ ప్లేటు ముఖానికి సీలెంట్ రాసి నట్లు ఎదురెదురుగా బిగించాను.

సీలు కారడానికి షాఫ్టు మీది గాడి ఒక్కటే కారణం కాదు. హౌసింగ్ మీద చిన్న గాలి మూత ఒకటుంటుంది, బ్రీదర్ అంటారు. మాది బురదతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. పరుగులో హౌసింగ్ వేడెక్కి లోపల గాలి వ్యాకోచిస్తే బయటికి దారి లేక ఆయిల్‌ను సీళ్ళ మీదకు తోస్తుంది. తీసి డీజిల్‌లో నానబెట్టి, గాలి ఆడేలా చేసి పెట్టాను. దీని గురించి ఏ మెకానిక్కూ అడగడు, మీరే అడగండి.

రెండు వైపులా షూలు వేసి, బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీసే పనికి మా ఆవిడ కూర్చుంది. తను తొక్కి పట్టుకోవడం, నేను నిపుల్ (గాలి వదిలే స్క్రూ) వదిలి మళ్ళీ బిగించడం. బుడగలు ఆగేవరకు అంతే. మధ్యలో రిజర్వాయరులో ఆయిల్ అయిపోకుండా చూసుకోవాలి, లేకపోతే మళ్ళీ మొదటికి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. గేర్ ఆయిల్‌ను బండి సమంగా ఉన్నప్పుడు పై ప్లగ్ రంధ్రం నుంచి కారేవరకు పోశాను. పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇచ్చాను, కాలువలో కలపలేదు.

ముందు మా వీధిలోనే నెమ్మదిగా నడిపి బ్రేకులు చూశాను. తర్వాత బైపాస్ మీద 60 వరకు వెళ్ళాను. మోత లేదు. ఇంజన్ శబ్దం మాత్రమే వినిపించింది. తిరిగొచ్చి డ్రమ్ము మీద చెయ్యి పెడితే రెండు వైపులా ఒకేలా గోరువెచ్చగా ఉంది. వంద కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు మళ్ళీ బిగించి చూశాను, గేర్ ఆయిల్ మట్టం తగ్గలేదు. ఎడమవైపు బేరింగ్‌లో ఆట లేదు కానీ దాని మీదా పంచ్ పని ఉందేమోనన్న అనుమానం నాకు పోలేదు. వానాకాలం రాకముందే దాన్నీ విప్పి చూస్తాను.