నడినెత్తి మీద లైటు

"పాపిట వెడల్పయింది చూశారా, నుదుటి దగ్గర మాత్రం జుట్టు బానే ఉంది," అంది డాక్టరమ్మ, లైటు నా నడినెత్తి మీదికి తిప్పి.

ముట్లు ఆగిపోయాక ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ పడిపోతుందట. మగ హార్మోన్లు మనలోనూ కాస్త ఉంటాయిగా, ఇక వాటిదే పెత్తనం. వాటిలో ఒకటైన టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ కుదుళ్లను కుదించేస్తే, వెంట్రుక మొలిచినా సన్నగా, పొట్టిగా మొలుస్తుందట.

నిజమే. సవరం లేకుండా బారెడు జడేసిన తలలో ఇప్పుడు క్లిప్పు నిలవట్లేదు.

థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు రాసింది. అవి తేడా చేసినా రాలుతుందట. జుట్టు పెరగడానికిచ్చే మందు మినాక్సిడిల్ మొదలెడితే ఆర్నెల్లయినా ఓపిక పట్టాలంది.

ఆడపడుచుకి ఫోన్‌చేసి ఇదంతా చెప్తే, "మందార నూనె పెట్టు వదినా, అదే వస్తుంది" అంటుంది. తలకి హాయిగా ఉంటుంది, కాదనను. హార్మోన్లకి నూనె సంగతి తనే చెప్పాలి మరి.