రోడ్డు వెడల్పును బట్టి మేడలు, మేడలను బట్టి పొగ

బోడుప్పల్‌లోని మా వీధి మొదట్లో షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ మెట్రో స్టేషనుకు చేరేలోగా, చలికాలం ఉదయాల్లో, నేను చేతిరుమాలును రెండు మడతలు వేసి ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఫ్లైఓవరు పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగడంతో వరంగల్ హైవే మీద ఆ నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణం మా వైపు వాళ్ళకు రోజువారీ పరీక్షగా మారింది. స్తంభాల పక్కన తవ్వి వదిలేసిన మట్టి మీదుగా టిప్పర్లు పోతుంటాయి, వాటి వెనకే ఆటోలు పోతుంటాయి, డ్రైవరు పక్కన కొసన సర్దుకుని కూర్చున్న మనిషికి ఆ మట్టిలో సింహభాగం దక్కుతుంది. స్టేషను మెట్లెక్కాక రుమాలు విప్పి చూస్తే లోపలి మడత తెల్లగానే ఉంటుంది కానీ పై మడత ఇటుకపొడి రంగుకు తిరిగి ఉంటుంది.

రుమాలు ఆపగలిగింది ఆ పెద్ద రేణువులనే. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని పీఎం 2.5 రేణువులు గుడ్డను దాటి, ఊపిరితిత్తుల లోతుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న ప్రమాణాల ప్రకారం వీటి వార్షిక సగటు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 5కు తగ్గించింది. హైదరాబాదు ఢిల్లీ కాదు, నిజమే. కానీ 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో మన నగరం పేరు కూడా ఉందని గుర్తు చేస్తే, మా ఆఫీసులో ఇప్పటికీ చాలామంది ఆశ్చర్యపోతారు.

గాలి గురించి మాట్లాడేటప్పుడు మన దృష్టి సహజంగా పొగగొట్టాల మీదికి, పాత డీజిల్ బండ్ల మీదికి పోతుంది. పొగ తక్కువ వదిలే బీఎస్ 6 ఇంజన్లు 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి, ఎలక్ట్రిక్ వాహనాలకు రాష్ట్రం రోడ్డు పన్ను మినహాయించింది, రెండూ మంచివే. అయితే ఒక్కొక్క బండి వదిలే పొగ తగ్గుతున్నా బండ్ల సంఖ్య, అవి తిరిగే దూరం పెరుగుతూ పోతే మిగిలే లాభం తక్కువ. పైగా టైర్లు, బ్రేకులు అరిగి రాలే పొడి, చక్రాల కింద నుంచి మళ్ళీ మళ్ళీ పైకి లేచే రోడ్డు దుమ్ము బ్యాటరీ బండికీ ఉంటాయి. కాబట్టి అసలు ప్రశ్న మనిషి రోజూ ఎంత దూరం, దేని మీద తిరగాల్సి వస్తోందన్నది, దాన్ని తేల్చేది కాలుష్య నియంత్రణ మండలి కాదు. ఇళ్ళు ఎక్కడ, ఆఫీసులు ఎక్కడ, వాటి మధ్య ఏ దారి అన్నది నిర్ణయించే మాస్టర్ ప్లాను, భవన నిర్మాణ నియమాలు దాన్ని తేలుస్తాయి.

నా సంగతే చెబుతాను. మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉంది, అంటే నగరానికి ఈ కొస నుంచి ఆ కొసకు. 2019 నవంబరులో రాయదుర్గం స్టేషను తెరిచేదాకా కారులోనే వెళ్ళేవాణ్ణి, పోను రాను రోజుకు అరవై కిలోమీటర్లకు పైనే అయ్యేది. ఇప్పుడు ఉప్పల్‌లో ఎక్కితే తార్నాక, సికింద్రాబాదు, అమీర్‌పేట మీదుగా గంటలోపే రాయదుర్గంలో దిగుతాను. దిగిన తర్వాతే అసలు కథ మొదలవుతుంది. నీలం లైను అక్కడితో ఆగిపోయింది. ఆఫీసులు మాత్రం ఆగకుండా గచ్చిబౌలి దాటి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాటి, కోకాపేట వైపు సాగిపోయాయి. ఆ చివరి ఆరేడు కిలోమీటర్ల కోసం స్టేషను కింద షేర్ ఆటోలు, బైక్ ట్యాక్సీలు, కంపెనీల బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉంటాయి. ఆ చివరి అరగంటకు భయపడే నా సహోద్యోగుల్లో సగం మంది మొత్తం దూరాన్నీ కారులోనే వెళ్తున్నారు.

రైలు లేని చోట అంత ఎత్తయిన భవనాలు ఎందుకు లేచాయి, రైలు ఉన్న ఉప్పల్, హబ్సిగూడ, నాగోలుల్లో ఎందుకు లేవలేదు అని నేను చాలాకాలం ఆలోచించాను. జవాబు భవన నిర్మాణ నియమాలను మార్చిన 2006 నాటి జీవో 86లోను, దాని తర్వాత 2012లో వచ్చిన జీవో 168లోను దొరుకుతుంది. ఇతర మహానగరాలు స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలని ఒక పరిమితి పెడతాయి. ఆ పరిమితిని మనం ఎత్తేశాం. మన దగ్గర ఎన్ని అంతస్తులన్నది ప్లాటు ఎంత పెద్దది, దాని ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) వదిలారు అనే లెక్కల మీద ఆధారపడుతుంది. మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో రెండు వందల గజాల ప్లాటు, ముప్పై అడుగుల గల్లీ ఉన్న ఆసామి స్టిల్టు, అంటే స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే కింది అంతస్తు, మీద రెండు మూడు అంతస్తులతో సరిపెట్టుకోవాలి. ఏ రైలూ చేరని చోట ఎకరాల కొద్దీ ఒకే ముక్కగా స్థలం, ముందు వంద అడుగుల పైబడిన రోడ్డు ఉంటే యాభై అంతస్తులకైనా అడ్డు లేదు. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందంటే, కొన్నవారు లెక్క వేసుకున్నది నేలను కాదు, పైనున్న ఆకాశాన్ని.

ఈ నియమం వల్ల జనసాంద్రత రైలును వదిలేసి రోడ్డు వెంట పోయింది. రోడ్డు వెంట పోయిన సాంద్రత కార్లను అడుగుతుంది, కార్లు పార్కింగును అడుగుతాయి, దాన్ని కూడా మన నియమాలు సిద్ధంగానే ఉంచాయి. కట్టిన వైశాల్యంలో ఇంత శాతానికి తగ్గకుండా పార్కింగు చూపాలన్నది మన నిబంధన. ఇంతకు మించకూడదన్న మాట అందులో లేదు. మా ఆఫీసు కింద మూడు సెల్లార్లు ఉన్నాయి. బండి పెట్టుకోవడానికి రుసుము లేదు, కానీ షేర్ ఆటో దిగి నడిచి రావాలంటే ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన ఫైబరు కేబుల్ కోసం తవ్విన గుంత, ఆ తర్వాత పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీగోడ ఎదురవుతాయి. ఆ గోడలో ఒక చిన్న గేటు ఉంటే పది నిమిషాల్లో అవతలి రోడ్డు మీదికి చేరేవాళ్ళం. లేదు కనుక చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, ఆదివారాల్లో నేనూ వెళ్ళి ఆనందించాను, కానీ సోమవారం ఉదయం సైకిలు మీద ఆఫీసుకు పోవాల్సిన మనిషికి అది ఇంటినీ ఆఫీసునూ కలిపే దారి కాదు.

ఈ మాటలు మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో ఒకసారి ఎత్తాను. రిటైరైన ఇంజనీరు ఒకాయన నా మాట పూర్తిగా విని, "బాబూ, నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది. ముందు రోడ్డు వెడల్పు చేయించండి, ట్రాఫిక్ ఆగకపోతే పొగ ఎక్కడిది?" అన్నారు. ఆగి ఉన్న బండి ఎక్కువ పొగ వదులుతుందన్నంత వరకు ఆయన మాట సరైనదే, అందుకే అది అందరికీ నచ్చుతుంది. కానీ వెడల్పయిన రోడ్డు కొన్నాళ్ళకే నిండిపోతుంది, ఎందుకంటే ఇంతకుముందు బస్సెక్కినవాళ్ళు కారు తీస్తారు, ఇంతకుముందు దూరమని కొననివాళ్ళు అక్కడే ఫ్లాటు కొంటారు. "మరి అంకుల్, మనం 158 కిలోమీటర్ల ఔటర్ వేసుకున్నాం కదా, లోపల ట్రాఫిక్ తగ్గిందా?" అని అడిగితే ఆయన నవ్వి, టీ తాగమన్నారు.

ఒక్క నగరం సరిహద్దులో ఆలోచించినా ఇది తేలేది కాదు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పొలాల నుంచీ మురుగు నుంచీ వచ్చే అమ్మోనియా గాలిలో కలిసి, గంటల తరబడి ప్రయాణించి, పుట్టిన చోటికి చాలా దూరంలో సన్నని రేణువులుగా మారతాయి. చలికాలంలో నేల దగ్గర చల్లని గాలి మీద వెచ్చని గాలి మూతలా పరుచుకున్నప్పుడు అవి పైకి పోలేక అక్కడే పేరుకుంటాయి. అందువల్ల పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, కాటేదాన్‌ల గాలిని విడివిడిగా కొలవవచ్చు గానీ విడివిడిగా బాగుచేయలేం. ఔటర్ లోపలి పారిశ్రామికవాడల్లోని 9,000 ఎకరాలకు పైగా భూమిని ఇళ్ళకు, ఆఫీసులకు మార్చుకోనిచ్చే విధానాన్ని ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చినప్పుడు కాలుష్యం బయటికి పోతుందన్నారు. పొగగొట్టం ఔటర్ అవతలికి పోతే నగరంలో కొంత ఊరట తప్పక ఉంటుంది. కానీ ఆ పొగ అవతలి పల్లెలకు చేరుతుంది, బాలానగర్‌లో నడిచి పనికి పోయే కార్మికుడు ఇకపై నలభై కిలోమీటర్లు బండి నడపాలి, ఖాళీ అయిన స్థలంలో లేచే టవరు మూడు సెల్లార్ల కార్లతో వస్తుంది. ఈ మూడింటినీ కలిపి లెక్క వేస్తే గానీ గాలికి లాభమో నష్టమో చెప్పలేం. ఆ లెక్క చూపించకుండా ఇచ్చే అనుమతి నాకు సమ్మతం కాదు.

చేయదగినవి మరీ అసాధ్యమైనవేమీ కావు. అంతస్తుల లెక్కలో రోడ్డు వెడల్పుతో పాటు స్టేషనుకు ఎంత నడక దూరమన్నది కూడా చేర్చాలి. స్టేషనుకు అర కిలోమీటరు లోపు చిన్న ప్లాట్లవాళ్ళు నలుగురు కలిసి కట్టుకుంటే ఎత్తు పెంచుకోనివ్వాలి, కానీ పార్కింగు తగ్గించాలి. పెద్ద లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే అడ్డంగా ఒక నడకదారి, లోపలికి వచ్చి తిరిగే బస్సుకు స్థలం అడగాలి. హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధి పది వేల చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంది కనుక ఆ పని చేయగల అధికారం దానికి ఉంది. ఇక బస్సుల విషయంలో సాక్ష్యం మన కళ్ళ ముందే ఉంది. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన రోజు నుంచి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సుల ఫుట్‌బోర్డు మీద నిలబడేందుకూ చోటు లేదు. చార్జీ అడ్డు తొలగిపోగానే అంతమంది వచ్చారంటే, జనం బస్సెక్కరన్న మాట ఎంత అబద్ధమో తెలిసింది. బస్సుల సంఖ్య ఆ వేగంతో పెరగలేదు, అదే బాధ. నిర్మాణ శిథిలాల విషయంలో కూడా ఇంతే. జీడిమెట్లలోను, ఫతుల్లాగూడలోను వాటిని పిండి చేసి మళ్ళీ వాడే కేంద్రాలు ఉన్నాయి, అయినా మా చెరువు కట్ట పక్కన రాత్రిపూట ట్రాక్టర్లు గుమ్మరించి పోతూనే ఉంటాయి, మర్నాటి గాలికి అదంతా మా వీధిలోకి వస్తుంది.

పోయిన నెల మా వీధి రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసి, గోడల మీద ఎర్ర గీతలు పెట్టి వెళ్ళారు. రెండు వేపచెట్లు, ఒక కానుగ చెట్టు గీతకు ఇవతల పడ్డాయి. నేను చెట్ల సంగతి అడుగుతుంటే, మూల ప్లాటు ఆసామి నన్ను పక్కకు జరిపి, టేపు చుడుతున్న ఉద్యోగిని అడిగాడు: "అన్నా, రోడ్డు అరవై అడుగులైతే నాకిప్పుడు ఎన్ని ఫ్లోర్లు వస్తయ్?"