ఆల్ టెర్రైన్ టైర్లకు మారిన తరువాత నా పికప్‌లో ప్రయాణ సుఖం

మాది అనంతపురం. ఊరి బయట ఉన్న చీనీ తోటకు తారురోడ్డు దిగిన తరువాత బండిదారిలోనే వెళ్లాలి. ఆ దారిలో కొంతమేర పదునైన రాళ్లు తేలి ఉంటాయి, మిగిలినదంతా కంపముళ్లు. నేను నడిపే ఇసుజు వి-క్రాస్ పికప్ తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ఉత్పత్తి మొదలుపెట్టిన కర్మాగారంలోనే తయారైంది. దానితో వచ్చిన 255/60 ఆర్18 కొలత (వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క భాగం ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు) టైర్లు హైవే రకానివి. జాతీయ రహదారి 44 మీద బెంగళూరు వైపు వెళ్తున్నంతసేపు వాటిని తప్పుపట్టడానికి ఏమీ ఉండేది కాదు గాని, తోట దారిలో సైడ్‌వాల్‌కు (టైరు పక్క భాగానికి) కోతలు పడుతూనే ఉండేవి. ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాడుల భాగం) లోతు చట్టం అనుమతించే కనీస హద్దు అయిన 1.6 మిల్లీమీటర్లకు చేరువ కావడంతో, ఈసారి తారురోడ్డుకూ రాళ్ల దారికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో వచ్చిన అభ్యంతరం ఒక్కటే. నడుమునొప్పి ఉన్న నాన్నగారు ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటారు. పికప్ వెనక సీటు అసలే అంత సుఖమైనది కాదు.

ఈ రకం టైర్లు వేస్తే బండి మొరటుగా మారుతుందని వినని చోటు లేదు. ఎందుకు మారుతుందని అడిగితే మాత్రం అందరూ ట్రెడ్ మీది పెద్ద పెద్ద గుబ్బలనే చూపిస్తారు. ఆ మాట నాకు పూర్తిగా నమ్మశక్యంగా అనిపించలేదు. అందువల్ల కొనేముందు, ఆల్ టెర్రైన్ టైర్లే వేసి ఉన్న రెండు బండ్లను అడిగి తీసుకుని ఒకే రోడ్డు మీద నడిపి చూశాను. ఒకటి మా బావమరిదిది, రెండోది తెలిసిన రైతుది. గుబ్బల ఆకారంలో రెండు జతలకూ పెద్ద తేడా కనిపించలేదు. అయినా మా బావమరిది బండి వంతెన మీది ప్రతి అతుకునూ నేరుగా సీటులోకి పంపింది, రెండో బండి మాత్రం నా హైవే టైర్ల కంటే కాస్త బరువుగా నడిచిందే తప్ప ఒంటిని ఇబ్బంది పెట్టలేదు.

తేడా టైరు పక్క భాగం మీద రాసి ఉంది. మా బావమరిది టైర్ల కొలతకు ముందు ‘ఎల్‌టీ’ అనే అక్షరాలు, పక్కన ‘లోడ్ రేంజ్ ఈ’ అనే మాట ఉన్నాయి, రెండో బండి టైర్ల మీద అవి లేవు. మా బావమరిదివి లైట్ ట్రక్ నిర్మాణం గలవి. పాత లెక్కలో పది పొరల బలానికి సమానం, 80 పీఎస్ఐ వరకు గాలి పట్టగలవు. ఎల్‌టీ265/65 ఆర్17 టైరు మీద సాధారణంగా ఉండే బరువు సూచీ 120 అంటే ఒక్క టైరు 1,400 కిలోలు మోస్తుంది. నా బండి నిండుగా సరుకు వేసినా మూడు టన్నులు దాటదు గనుక ఆ బలంలో దాదాపు సగం నాకు ఎన్నటికీ అక్కరకు రాదు. దానికోసం మందమైన సైడ్‌వాల్‌ను, టైరుకు నాలుగైదు కిలోల అదనపు బరువును రోజూ మోయవలసి వస్తుంది. ఆ బరువు స్ప్రింగుల పైన కాక కింద, చక్రంతో పాటు ఎగిరి పడుతుంది. ఎగిరిన చక్రాన్ని తిరిగి రోడ్డుకు ఆనించే పని షాక్ అబ్జార్బర్లకు ఆ మేరకు కష్టమవుతుంది, ఆ కష్టమే మనకు అదురుగా తెలుస్తుంది. పేరుకు ఆల్ టెర్రైన్ అయినా, చాలా కంపెనీలు ఇవే టైర్లను ఎల్‌టీ కాని మామూలు నిర్మాణంలో కూడా అమ్ముతున్నాయి. నాకు కావలసినవి అవేనని అప్పుడు తేలింది.

రెండో నిర్ణయం రిమ్ముది. 255/60 ఆర్18 టైరు సైడ్‌వాల్ ఎత్తు 153 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ముకు మారి 265/65 కొలత వేస్తే అది 172 అవుతుంది. టైరు మొత్తం ఎత్తు 763 నుంచి 776 మిల్లీమీటర్లకు, అంటే రెండు శాతం లోపే పెరుగుతుంది గనుక చక్రం ఎక్కడా తగలదు. గుంటకూ రిమ్ముకూ మధ్య మాత్రం దాదాపు రెండు సెంటీమీటర్ల రబ్బరు, గాలి అదనంగా చేరతాయి. అందం కోసం రిమ్ము పెంచుకునే ఈ రోజుల్లో తగ్గించమని అడిగితే టైర్ల షాపులో నన్ను వింతగా చూశారు. “అన్నా, అందరూ పద్దెనిమిది కావాలంటారు, నువ్వేంది వెనక్కి పోతాండావు?” అని యజమాని నవ్వాడు. మంచు మీద నడవడానికి తగినదని తెలిపే మంచు పర్వతం గుర్తు ఉన్న టైరు తీసుకుంటే గొప్పగా ఉంటుందని కూడా సలహా ఇచ్చాడు. అనంతపురంలో ఆ గుర్తుతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

బిగించి, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేసి, నాలుగు టైర్లకూ 40 పీఎస్ఐ గాలి నింపి పంపారు. ఆ గాలితో బండి నిజంగానే మొరటుగా నడిచింది. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె అంతకంటే తక్కువ. పాత టైర్లకూ కొత్తవాటికీ బరువు సూచీ 112 గానే ఉండడంతో స్టిక్కర్ చెప్పిన గాలి వీటికీ సరిపోతుంది. ఎల్‌టీ టైర్లయితే అదే బరువుకు ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి, అందుకే వాటిని గాలి తగ్గించి మెత్తబరచడానికి అవకాశం తక్కువ. తెల్లవారుజామున టైర్లు చల్లగా ఉన్నప్పుడు రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ, అదే రోడ్డు మీద నడుపుతూ, వెనక సీటులో కూర్చున్న నాన్నగారి అభిప్రాయం అడుగుతూ వచ్చాను. 36 దగ్గర వంతెన అతుకుల చురుకు తగ్గింది. స్టిక్కర్ అంకెకు చేరేసరికి ఆయన ఫిర్యాదు మాని నిద్రపోవడం మొదలుపెట్టారు. అంతకంటే కిందికి తారురోడ్డు మీద దిగలేదు. గాలి తక్కువైతే సైడ్‌వాల్ మితిమీరి వంగి వేడెక్కుతుంది, మా ఎండాకాలంలో రోడ్డు అసలే కాలుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే టైరులో సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం వేడి టైరును కొలిచి గాలి వదిలేయడం కూడా తగదు. తోట దారిలో మాత్రం 26కు దించి, మెల్లగా నడిపి, తిరిగి రోడ్డెక్కే ముందు చిన్న కంప్రెసర్‌తో నింపుకుంటాను. రాళ్ల మీద ఆ తేడా ఆశ్చర్యం కలిగించేంతగా ఉంటుంది.

టైరు తీర్చలేనిది ఒకటుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ దాటితే వెనక భాగం ఎగిరిపడడం ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బరువు మోయడానికి పుట్టినవి. బరువు లేనప్పుడు వంగవు. నాలుగైదు ఎరువు బస్తాలు వేసిన రోజున అదే బండి కారులా సాగిపోతుంది. చిన్న అదురును టైరు మింగుతుంది, పెద్ద ఎగురును కమాన్లు, షాక్ అబ్జార్బర్లు చూసుకోవాలి. కనుక వెనక ఎగిరిపాటుకు విసిగి టైర్లు మార్చాలనుకునేవారు ముందు షాక్ అబ్జార్బర్లలో నూనె కారుతున్నదేమో చూపించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గుబ్బల ప్రభావం నిజంగా తెలిసేది చెవికి. గంటకు 60, 80 కిలోమీటర్ల మధ్య, పాత తారు మీద, సన్నని హోరు ఒకటి నిలకడగా వినిపిస్తుంది. వేగం పెరిగితే అది గాలి చప్పుడులో కలిసిపోతుంది. కుదుపు తక్కువే ఉన్నా ఆ హోరు వల్లనే చాలామంది బండి మొరటయిందని అనుకుంటారని నాకు అనిపిస్తుంది. మొదట్లో స్టీరింగ్ తిప్పినప్పుడు బండి స్పందించడానికి లిప్తపాటు ఆలస్యమయ్యేది, గుబ్బలు కొంత అరిగాక అది తగ్గింది. మైలేజీ కొద్దిగా పడిపోయింది. తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగడానికి మునుపటి కంటే ఎక్కువ దూరం తీసుకుంటున్నట్లు తెలుస్తోంది. వానలో ముందు బండికి దూరంగా ఉంటున్నాను.

పదివేల కిలోమీటర్లకు దగ్గరపడుతున్నప్పుడు హోరు హెచ్చింది. ముందు టైర్ల అంచు గుబ్బల మీద చేయి రుద్దితే ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్లలా తగిలింది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాక శబ్దం తగ్గింది. ఇప్పుడు మిగిలింది స్టెప్నీ సంగతి. అది ఇంకా పాత 18 అంగుళాల హైవే టైరే. ఎత్తులో తేడా ఉండడం వల్ల అది బిగించి ఉన్నంతవరకు ఫోర్ వీల్ డ్రైవ్ వేయకూడదు. అదే కొలతలో అయిదో టైరు, రిమ్ము తెప్పించమని షాపులో చెప్పి వచ్చాను. వచ్చిన తరువాత దాన్ని కూడా మిగిలిన నాలుగింటితో కలిపి వరుసగా తిప్పిస్తాను.